అమ్మ ఊరి చరణం

కితియోనే సాధించిన మొదటి గెలుపు, తన పాట రేడియోలో రావడం. అది అంత తేలిగ్గా చేతికి అందలేదు. మూడుసార్లు వెళ్ళి వట్టి చేతులతో తిరిగొచ్చాక నాలుగోసారి దక్కింది. మొదటిసారి పడవ ఆలస్యమై, స్టూడియో తలుపులు మూశాక అతనూ తోటి పాటగాళ్ళూ సువ పట్నం చేరారు. రెండోసారి గిటారు తీగ తెగింది, మార్చుకుందామంటే చేతిలో ఇంకో తీగ లేదు. మూడోసారి అన్నీ కుదిరాయి అనుకుంటే, అందరికన్నా కింది స్థాయిలో, అడుగు గొంతు పాడవలసిన సకియుస భయం పోవడానికని దారిలో ఎనిమిది చిప్పల యంగోనా పట్టించి వచ్చాడు. ఆ వేరు నీళ్ళు ఒంటికి హాయే గానీ నాలుకకు మొద్దు. పాట ఎత్తుకునేసరికి వాడి నాలుక చెక్కముక్కలా పడి ఉంది. రికార్డు చేసే పెద్దమనిషి యంత్రం ఆపి, "మీ వాణ్ణి నిద్ర లేచాక తీసుకురండి" అన్నాడు. నాలుగోసారి సకియుసకు ఒక మనిషిని కాపలా పెట్టి తీసుకుపోయారు. 1980 సెప్టెంబరులో ఒక ఆదివారం, చర్చి వదిలాక, నసౌలెవు ఊరు ఊరంతా ఒక్క రేడియో చుట్టూ చేరి ఆ పాట విన్నది. కితియోనేకి అప్పటికి పంతొమ్మిదేళ్ళు.

ఆ పాటకు నాలుగు చరణాలు. మొదటిది నాన్న ఊరైన నసౌలెవు ఏటి మీద. రెండోది కందావు దీవికి పోయే పడవ మీద. మూడోది ఆ దీవిలో అమ్మ పుట్టిన ఊరు నవునిదావ మీద. అక్కడి కొండ, కొండ కింద అమ్మ పుట్టిల్లు నిలిచిన వలెనిదెల అనే మట్టి దిమ్మ, వాకిట్లో తెల్లపూలు, అన్నీ అందులో ఉంటాయి. నాలుగోది దీవెన. మూడో చరణం కితియోనే తనంతట తాను కట్టింది కాదు. మేనమామలు యంగోనా వేరుకట్ట మోసుకొచ్చి ముందు పెట్టి, "మేనల్లుడా, మా ఊరు కూడా నీ పాటలో ఉండాలి" అని అడిగితే కట్టాడు. వేరు ముట్టుకుని మాటిచ్చాక ఆ చరణం అడిగినవాళ్ళది. పాడేవాడు దాన్ని మోసేవాడు మాత్రమే.

అక్కడినుంచి అతను వెనక్కి తిరిగి చూసింది లేదు. నాలుగు స్థాయిల్లో కలిసి పాడే నాలుగు గొంతుల పోటీలో 1986లోనూ 1991లోనూ మొదటి బహుమతి. నాలుగు క్యాసెట్లు. రెండు వందల పైచిలుకు పెళ్ళిళ్ళు. ఇద్దరు ఊరిపెద్దలను సాగనంపిన రోజున సమాధి దగ్గర పాడమని పిలిపించారు. అలాంటి పిలుపు అందరికీ రాదు. 1994 నుంచి లామి–సువ దారిలో బస్సు నడుపుతున్నాడు. ముప్పై ఒక్కేళ్ళలో ఒక్క కోడిపిల్ల కూడా అతని చక్రం కింద పడలేదు. అది కూడా బహుమతుల లెక్కలోనే వేసుకోవాలి.

సువలో బస్సు అంటే పాటల పెట్టె. ఇనుము, చక్రాలు అన్ని బస్సులకూ ఒకటే. జనం ఎక్కేది డ్రైవరు పెట్టే పాటను బట్టి. కితియోనేకి మొదటినుంచీ రాగం ఉన్న పాట మీదే మనసు. ఎక్కడ పుట్టినదైనా సరే, ఏ భాషదైనా సరే, ఒక్కసారి వింటే ఇంటికి వెళ్ళేదాకా నోట్లో తిరగాలి. "పాట గొంతులో మొదలవ్వాలి. కాళ్ళలో మొదలైన పాట చెమటతోపాటే ఆరిపోతుంది" అనేవాడు. ఎలక్ట్రిక్ గిటార్లు, డ్రమ్ములు వచ్చిన రోజుల్లో అందులోనూ రాగం వెతికి ఇష్టపడ్డాడు. దీవుల్లో రెగ్గే ఊపు వచ్చినప్పుడు మొదట్లో చిరాకుపడ్డాడు. ఆ తరువాత అందులోనూ రెండు మూడు మంచివి ఏరుకున్నాడు. కంప్యూటర్లో గొంతును పిండి, వెనక దడదడ వేసే పాటలు వచ్చాక మాత్రం చేతులెత్తేశాడు.

జనం చేతులెత్తలేదు. వేరే బస్సు ఎక్కారు. రెండేళ్ళపాటు బడి విడిచే వేళకు స్టాపులో పిల్లలు అతని బస్సు చూసి కూడా కదలకుండా నిలబడేవారు. ఒక ఆడపిల్ల మెట్టు మీద కాలు పెట్టి, పాట విని, మళ్ళీ కాలు తీసేసింది.

"ఏమ్మా, సీట్లు ఖాళీగానే ఉన్నాయిగా?" అన్నాడు కితియోనే.

"మీ పాట బాగానే ఉంది తాతా. మా నానమ్మకి చెప్తాలెండి, ఎక్కుతుంది" అందా పిల్ల.

ఈ ముక్క సకియుస చెవిన పడింది. ఇక ఊరుకుంటాడా? సకియుస ఎవరో కాదు, నవునిదావలో పెద్ద మేనమామ కొడుకు. సువ మార్కెట్లో తోపుడు బండి తోస్తాడు. ఇక్కడ బావాబావమరుదులు ఎదురుపడితే ఒకరినొకరు ఎగతాళి చేసుకోకపోవడమే తప్పు. నలభై అయిదేళ్ళుగా ఆ ఇద్దరూ ఆ తప్పు ఒక్కరోజు కూడా చేయలేదు.

"ఏం బావా, నీది బస్సా, శవాల బండా? ఎక్కినోడు దిగేలోపే కన్ను మూస్తున్నాడంట!"

"నువ్వు తోసే బండి మీద పుచ్చకాయలు కూడా నీ మొహం చూసి పగిలిపోతున్నాయంటగా. ముందు అది చూసుకో."

నవ్వాడు గానీ లోపల పట్టింది కితియోనేకి. రాగాన్ని చిన్నచూపు చూస్తే తన్ను చూసినట్టే అనిపించేది.

అప్పుడు వచ్చింది అసెనదా. చెల్లెలి కూతురు, ఇరవై నాలుగేళ్ళది. బస్టాండు దగ్గర ఫోన్లు బాగుచేసే దుకాణంలో పని. ఖాళీ దొరికితే కంప్యూటర్లో పాటలకు దరువు కడుతుంది.

"మామయ్యా, నీ పడవ పాట నాకిచ్చెయ్. దాన్ని లేపి కూచోబెడతా."

"అడుగుతున్నావా, చెబుతున్నావా?"

"మేనకోడల్ని. అడగడమేంటి?"

నిజమే. మేనకోడలు మామ ఇంట్లో చాప చుట్టుకుపోయినా, దొడ్లో పంది పిల్లను పట్టుకుపోయినా ఇక్కడ ఎవరూ నోరెత్తరు. కితియోనే నాలుగు చరణాలూ ఆమె ఫోనులో పాడి ఇచ్చాడు. వారం తిరిగేసరికి అసెనదా కొత్త పాట తెచ్చి బస్సులో పెట్టింది. ఏటి చరణం వచ్చింది, దాని వెనక దడదడ. పడవ చరణం వచ్చింది, పడవ ఇంజను చప్పుడే దరువుగా. కితియోనేకి ఒళ్ళు జలదరించింది. వెంటనే దీవెన వచ్చేసింది.

"మూడోది ఏదే?"

"మూడు నిమిషాలు దాటితే ఎవడూ వినడు మామయ్యా. దీవెన తీసేస్తే పెద్దాళ్ళు తిడతారు. మధ్యలోది కొండా పూలూనే కదా అని..."

ఆ మాట దగ్గర ఆగి, కాదు అని ఉంటే సరిపోయేది. నోటిదాకా వచ్చింది కూడా. ఇంతలో వెనక సీట్లో ఎవరో చిటికెలు వేస్తున్నారు. తన గొంతుకే. ఎన్నాళ్ళకో. కితియోనే నోరు మూసుకుని గేరు మార్చాడు.

అది నిరుడు నవంబరు. సోమవారం నుంచి బడిపిల్లలు అతని బస్సు వెంట పరుగెత్తడం మొదలుపెట్టారు. టాక్సీల్లో అదే పాట, చేపల దుకాణంలో అదే పాట. సీట్లు నిండి మెట్ల దాకా జనం. "ఈ గొంతు మీదేనంట కదా తాతా!" అని అద్దంలోంచి చూసేవారు. రోజుకు పన్నెండుసార్లు తన పాట తానే విని, ఇంటికి వెళ్ళి కర్రపెండలం, కొబ్బరిపాల చేప తిని, తృప్తిగా పడుకునేవాడు. సకియుసకు కూడా తేడా తెలియలేదు. మార్కెట్ దగ్గర ఎక్కి రెండో స్టాపులో దిగేవాడు. పాట పడవ దాకా వచ్చేసరికి అతని స్టాపు వచ్చేది.

తెలిసింది ఈ జులై మొదటి శనివారం, లామిలో జరిగిన పెళ్ళిలో. పెళ్ళికూతురు నవునిదావ పిల్ల. దీవినుంచి ముప్పైమంది దాకా వచ్చారు. వాళ్ళలో సెరువైయ అత్త, కితియోనే చిన్న మేనమామ ఎమోసి భార్య, ఎనభై దాటిన మనిషి. మధ్యాహ్నం భోజనాలయ్యాక స్పీకర్లలో ఆ పాట పెట్టారు. ఇక్కడ పాటలో ఎవరి ఊరి పేరు వస్తే ఆ ఊరివాళ్ళు లేచి ఆడాలి. పాడినవాడి మెడలో దండ వేసి, చెంపలకు పౌడరు అద్దాలి. పడవ చరణం సాగుతుండగానే నవునిదావ ముసలమ్మలు అయిదుగురు చాప మీదనుంచి ఒకరి భుజం ఒకరు పట్టుకుని లేచారు. సెరువైయ అత్త చేతిలో దండ, రెండో చేతిలో మూత తీసిన పౌడరు డబ్బా. కితియోనే వైపు చూసి పళ్ళు లేని నోటితో నవ్వింది.

దీవెన వచ్చేసింది.

ముసలమ్మలు అలాగే నిలబడ్డారు. ఇంకా వస్తుందేమోనని ఎదురుచూశారు. పాట అయిపోయి, ఇంకో పాట మొదలైంది. సెరువైయ అత్త పౌడరు డబ్బాకు నెమ్మదిగా మూత పెట్టి, దండను తన ఒళ్ళోనే పెట్టుకుని కూర్చుంది. తిట్టినా బాగుండు అనుకున్నాడు కితియోనే.

పది రోజులకు ఒక పొద్దున సకియుస ఇంటికి వచ్చాడు. చెప్పులు విడిచి వచ్చి చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. కితియోనే భార్య లోసలిని టీ ఇచ్చి లోపలికి వచ్చి గుసగుసగా అడిగింది. "మీ బావ ఇవాళ నా టీని కుడితి అనలేదు. ఎవరైనా పోయారా ఏంటి?"

కితియోనే ఎదురుగా కూర్చున్నాడు.

"కితియోనే" అన్నాడు సకియుస. బావా అనలేదు. "ఎమోసి చిన్నాన్న కబురు పంపాడు. నా మాట కాదు, ఆయన మాట. ఆ పాట ఇక నీ నోట రాకూడదు. బస్సులోనూ వద్దు, పెళ్ళిలోనూ వద్దు. గొంతు నీదే, పాట మాది."

"సకియుసా, అది..."

"నన్ను చెప్పనీ. 'మేనల్లుడు మా తోటలో గెల కోసుకుపోతే అడగలేదు. మా పడవ తీసుకెళ్ళి రాళ్ళకు కొట్టి తెచ్చినా అడగలేదు. మా అక్క పుట్టిన ఊరి పేరు కోసేస్తే మాత్రం అడుగుతాం.' ఇదీ కబురు."

టీ తాగకుండానే లేచి వెళ్ళిపోయాడు.

కితియోనే ఆ టీ కప్పు తీసి లోపల పెట్టాడు. పెద్ద తుఫాను వచ్చిన ఏడాది వలెనిదెల దిమ్మను సముద్రం ఈడ్చుకుపోయింది. తెల్లపూల చెట్టూ పోయింది. అమ్మ పుట్టిన ఇల్లు ఇంకా నిలబడి ఉందంటే ఆ చరణంలోనే. నాలుగు మాటలు, అయిదు మాటలు, అంతే. ఆ ఇంటిని చిటికెల కోసం తనే అవతల పారేశాడు. నలభై అయిదేళ్ళుగా పాడిన పాట ఇప్పుడు ఈల వేయడానికి కూడా లేదు. బస్సులో పాట పెట్టడం మానేశాడు. ఆ వారమంతా బ్రేకుల చప్పుడే పాట.

అసెనదా పరుగెత్తుకు వచ్చింది. "దీనికింత గొడవా! రెండు నిమిషాల పని మామయ్యా. మూడోది అతికించి మళ్ళీ పెట్టేస్తా."

"ఫోనులో అతికిస్తే ఊళ్ళో అతుకుతుందిటే? వేరు పట్టుకుని అడిగినవాళ్ళ ముందు వేరు పట్టుకునే కూర్చోవాలి. నువ్వూ రావాలి. కోసింది నీ చెయ్యి, ఊరుకుంది నా నోరు."

"అక్కడ సిగ్నల్ ఉండదు!"

"నాలుకుంటుందిగా. చాలు."

డిపోలో మేనేజరు సెలవు కాగితం చూసి కళ్ళద్దాలు సర్దుకున్నాడు. "పది రోజులా? ఎప్పుడూ ఒకేసారి రెండు రోజులు కూడా అడిగి ఎరగవు. ఎవరు పోయారయ్యా?"

"ఒక చరణం పోయింది సార్."

ఆయన కందావు అల్లుడే. ఇంకో ప్రశ్న వేయకుండా సంతకం పెట్టాడు. తప్పు ఒప్పుకోవడానికి వట్టి వేరు చాలదు, తిమింగలం పన్ను కావాలి. లోసలిని పెట్టె అడుగునుంచి, పెళ్ళినాడు ఇంటికి వస్తే గుడ్డలో చుట్టి దాచిన పన్ను తీసి ఇచ్చింది. "ఇదెక్కడికి పోయినా నాకు బాధ లేదు. మీరు మూగబోయి ఇంట్లో తిరుగుతుంటే మాత్రం చూడలేను" అంది.

జులై ఇరవై రెండు, మంగళవారం పడవ. సకియుస కూడా అదే పడవ ఎక్కాడు గానీ అవతలి కొసన కూర్చున్నాడు. కందావులో దిగాక చిన్న పడవ మీద నవునిదావ చేరారు. అక్కడ సకియుస వెళ్ళి మేనమామల వరసలో కూర్చున్నాడు. కితియోనే, అసెనదా గుమ్మం పక్కన, దిగువ చోట, తల వంచి కూర్చున్నారు. కితియోనే పన్నును రెండు చేతుల్లో పట్టుకుని మాట్లాడాడు. పిల్లది తెలియక కోసింది, నేను తెలిసీ ఊరుకున్నాను, అన్నాడు. బస్సు నిండుతోందని ఊరుకున్నాను, అని కూడా అన్నాడు. అది చెప్పకపోయినా ఎవరూ అడిగేవారు కాదు.

బయట కోడి రెండుసార్లు కూసింది. ఎమోసి మామ చేయి చాచి పన్ను అందుకున్నాడు. వరసంతా దోసిలి ముడిచి గంభీరంగా చప్పట్లు కొట్టింది.

"తీసుకున్నాం" అన్నాడు ఎమోసి మామ. "ఇప్పుడు పాడు. మొత్తం."

కితియోనే కళ్ళు మూసుకుని ఎత్తుకున్నాడు. ఏరు వచ్చింది. పడవ వచ్చింది. తరువాత నాలుక తనంతట తానే దీవెనలోకి దూకింది. ఆగాడు. మళ్ళీ పడవ దగ్గరనుంచి ఎత్తుకున్నాడు. మళ్ళీ దీవెనే. ఎనిమిది నెలలు రోజుకు పన్నెండుసార్లు విన్న కురచ పాట లోపల గట్టిపడి, అమ్మ చరణానికి చోటు లేకుండా చేసింది. పక్కన అసెనదా వంచిన తల ఎత్తింది. మధ్యలోది లేకపోతే ఏమవుతుందో అప్పుడు చూసిందా పిల్ల.

అంతలో మేనమామల వరసలోంచి సకియుస గొంతు లేచింది.

"చూశావా చిన్నాన్నా, మా బావను కూడా మూడు నిమిషాలకు కోసేశారు!"

మొదట ఒకరు, తరువాత ఇద్దరు, ఆ తరువాత అందరూ. నవ్వుకి ఎమోసి మామకు దగ్గు వచ్చింది. కితియోనే తలెత్తి సకియుసను చూశాడు. కళ్ళు తడిసినా నోరు ఊరుకోలేదు. "నిన్ను కోస్తే ఏముంటుందిరా, అంతా వేరు నీళ్ళే కారతాయి" అన్నాడు.

ఆ నవ్వుల మధ్యనే మూలనుంచి సన్నగా ఒక గొంతు వచ్చింది. సెరువైయ అత్తది.

వలెనిదెల వాకిట తెల్లపూలు రాలితే
ఏరుకునే పిల్ల కడలి దాటి పోయెనే

మిగతా ముసలమ్మలు అందుకున్నారు. కితియోనే పెదవులు కదిపాడు, గొంతు కలిపాడు. రెండోసారికి చరణం తిరిగి వచ్చింది.

పాట అయ్యాక అసెనదా జరిగి సెరువైయ అత్త దగ్గర కూర్చుంది. "అమ్మమ్మా, తప్పయింది. నా దడదడ మీకు నచ్చదనుకుంటా."

"ఎవరన్నారే? పెళ్ళిలో మోకాళ్ళు వద్దంటున్నా ఊగాయి. మేం లేకుండా ఊగమంటే కోపం రాదూ మరి?"

"మీ చరణం పెడితే నాలుగు నిమిషాలవుతుంది."

"అయితే ఏం? ఇంకో నిమిషం కూచోలేరా మీ సువ జనం? అంత తొందరగా ఎక్కడికి పోతారట?"

ఎమోసి మామ శిక్ష అని అనలేదు. కానీ మేనల్లుణ్ణి వెంటనే పంపనూ లేదు. "మా కుర్రాళ్ళకూ నీ కురచ పాటే వచ్చు. ఫోనులో విన్నదే పాడుతున్నారు. నాలుగు గొంతులూ ఎవడికీ రావు. నువ్వు నేర్పు. ఆదివారం చర్చి వదిలాక వాళ్ళు నిలబడి పాట మొత్తం పాడిన వారం నిన్ను పడవెక్కిస్తాం. ఆనాటినుంచి ఆ పాట మళ్ళీ నీ నోట పాడుకో" అన్నాడు.

మొదటి ఆదివారం కుదరలేదు. పై గొంతు పాడేవాడికి మధ్యలో నవ్వొచ్చింది. రెండో ఆదివారం మూడు గొంతులు నిలిచాయి, అడుగు గొంతు తడబడింది. సకియుస పొద్దున్నే ఆ కుర్రాళ్ళను కొబ్బరి చెట్ల కింద కూర్చోబెట్టి సాధన చేయిస్తున్నాడట. మేనేజరు సెలవు పొడిగించాడు. అసెనదా కొండెక్కి, సిగ్నల్ అందిన చోట నిలబడి లోసలినికి ఈ కబుర్లన్నీ చెప్పింది. ముసలమ్మల గొంతులు ఫోనులో ఎత్తిపెట్టుకున్నానని, ఈసారి దరువు వాళ్ళ చప్పట్ల మీద కడుతున్నానని, మామయ్య చేమదుంపలు తిని కాస్త ఒళ్ళు చేశాడని కూడా చెప్పింది. పదో తేదీ ఆదివారం తప్పకుండా పాడేస్తారని ఎమోసి మామే అన్నాడట. ఆ లెక్కన కితియోనే దీవిలో ఆ వారపు పడవెక్కి సువ రేవులో దిగేది ఆగస్టు పద్నాలుగు, గురువారం పొద్దున.